పిల్లలున్న ఇంటికి కాపలా కుక్క: కోనసీమలో ఏది మేలు?

మా చెల్లెలి భర్త కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. కోనసీమలో, గోదావరి పాయల మధ్యనున్న ఒక లంకలోని వాళ్ల ఇంట్లో చెల్లెలు, పెద్దవయసు అత్తగారు, తొమ్మిదేళ్ల మేనకోడలు, నాలుగేళ్ల మేనల్లుడు ఉంటారు. ఇంటి వెనుక కొబ్బరితోట, తోట దాటితే ఏటిగట్టు. గత ఏడాది రెండుసార్లు రాత్రిపూట కాయలు పోయాక, మంచి కాపలా కుక్కను చూసిపెట్టమని చెల్లెలు నన్ను అడిగింది. ఆమె ఇంటిని మనసులో పెట్టుకుని, మన వైపు దొరికే రకాలను పక్కపక్కన పెట్టి చూశాను.

కాపలా అంటే అరిచి ఇంటివారిని లేపడమా, మీదపడి మనిషిని పట్టుకోవడమా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ ఇంటికి చెట్లెక్కి కాయలు దించే దింపు కూలీలు వస్తారు, కాయల డొక్క తీసే ఒలుపువాళ్లు వస్తారు, తెల్లవారుజామున పాలు పోసే ఆయన వస్తాడు, సాయంత్రమైతే వీధిలోని పిల్లలందరూ ఆ పెరట్లోనే ఉంటారు. కరవడానికి తర్ఫీదు పొందిన కుక్కకు, పిల్లలు ఆటలో ఒకరినొకరు తోసుకోవడానికీ నిజమైన దాడికీ తేడా తెలియాలంటే, దానిపై అదుపున్న పెద్దమనిషి ఎప్పుడూ పక్కన ఉండాలి. ఆ ఇంట్లో అలాంటివారు లేరు. పైగా, పెంపుడు జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా చూడడంలో నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కొత్తవారిని పసిగట్టి గట్టిగా అరిచే కుక్క, తెలిసినవారిని తెలిసినవారిగా గుర్తించే కుక్క మాకు కావాలి.

ఈ లెక్కన రాట్‌వీలర్ మొదటే పక్కకు తప్పుకుంది. ఎదిగిన మగకుక్క 50 కిలోలు దాటవచ్చు. అది ముద్దుగా మీదకు ఎగిరినా నాలుగేళ్ల పిల్లవాడు నిలవలేడు. 2024 మార్చిలో కేంద్రం ఈ జాతితో సహా 23 రకాల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది. చట్టం మాట ఎలా ఉన్నా, చెల్లెలు ఒక్కతే పట్టుకుని ఆపలేని కుక్కను ఆ ఇంటికి నేను తీసుకెళ్లను.

డాబర్‌మేన్ జుట్టు పొట్టిది కనుక మన ఎండకు కొంత నయం. అయితే జర్మనీలోని అపోల్డాలో పన్నులు వసూలు చేసే డాబర్‌మాన్ అనే ఆయన తన రక్షణ కోసం తయారుచేసిన జాతి ఇది. రోజూ పరుగు, యజమాని సాంగత్యం లేకపోతే నిలవలేదు. మన వైపు చాలామంది దాన్ని పగలంతా గొలుసుతో కట్టేస్తారు. అలా కట్టేసిన కుక్క చిరాకు చివరికి చేరేది అన్నం పెట్టడానికి వెళ్లిన పిల్లల మీదికే. లాబ్రడార్ పిల్లలకు మంచి తోడు, కానీ ముక్క పెట్టిన దొంగకూ అంతే మంచి తోడు. రాజపాళయం చూడముచ్చటైన కుక్క. 2005లో తపాలా శాఖ బిళ్లలపై ముద్రించిన నాలుగు దేశవాళీ జాతుల్లో ఇదీ ఒకటి. ఇంటివారిని అంటిపెట్టుకుంటుంది, కొత్తవారిని దగ్గరికి రానివ్వదు. వేటకుక్క రక్తం కావడంతో పక్కింటి కోళ్లను, మేకపిల్లలను వెంటాడుతుంది. తెల్లటి కుక్కల్లో కొన్నిటికి పుట్టుచెవుడు ఉంటుంది కనుక, కుక్కపిల్ల వెనుక చప్పట్లు కొట్టి చూడకుండా తీసుకోకూడదు.

చివరికి జర్మన్ షెపర్డ్, మన నాటు కుక్క మిగిలాయి. అసలు పోటీ ఈ రెంటి మధ్యే.

జర్మన్ షెపర్డ్ తెలివి గురించి చెప్పనక్కరలేదు. చెప్పిన మాట వింటుంది, సరిగా పెంచితే పిల్లల పట్ల ఓర్పుగా ఉంటుంది, గేటు దగ్గర నిలబడితేనే సగం కాపలా అయిపోతుంది. దానికి అడ్డం వచ్చేది మన గాలి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, నాలుక మీద, ఊపిరి దారిలో తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. వైశాఖ మాసంలో సముద్రపు తేమ నిండిన గాలిలో ఆ తడి త్వరగా ఆవిరి కాదు కనుక, ఎండ అంతే ఉన్నా పొడిగాలి వీచే చోటి కంటే ఇక్కడ కుక్కకు ఎక్కువ కష్టం. రెండు పొరల జుట్టున్న ఈ జాతికి ఫ్యాను, నీడ, రోజూ దువ్వడం, గోమార్లను ఏరడం తప్పవు. ఆ గోమార్లే జ్వరం తెస్తాయి. తుంటి కీలు జబ్బు కూడా ఈ జాతిలో తరచుగా కనిపిస్తుంది కనుక, తల్లిదండ్రుల నడక చూడకుండా పిల్లను కొనకూడదు.

నాటు కుక్క ఈ గాలిలోనే పుట్టింది. పొట్టి జుట్టు, తేలికైన ఒళ్లు, ఇంట్లో వండిన దానితో సరిపెట్టుకునే కడుపు. ఆకు కదిలినా అరుస్తుంది. దీని లోపాలనూ దాచకూడదు. భయపడితే చటుక్కున కరుస్తుంది, దడి కింద నుంచి దూరి వీధి కుక్కలతో తిరుగుతుంది, చాలా కుక్కపిల్లల పుట్టుక ఎవరికీ తెలియదు. అందుకే దారిలో కనబడిన పిల్లను ఎత్తుకురాకుండా, మనుషుల మధ్య మసలే తల్లిని చూసి, ఎనిమిది వారాలు నిండాక ఆడ కుక్కపిల్లను తెచ్చుకుని, డాక్టరు చెప్పిన వయసులో గర్భసంచి ఆపరేషన్ చేయించి, దడి కింద వరుసగా ఇటుకలు పాతితే ఆ లోపాలు చాలావరకు అదుపులో ఉంటాయి.

లంకవాసులు మరచిపోకూడని విషయం ఇంకొకటి ఉంది. 2022 జులైలో గోదావరికి వరద వచ్చినప్పుడు లంకల నుంచి జనం పడవల మీద బయటికి వచ్చారు. ఒక చంకన పిల్లవాడు, మరో చేత అత్తగారి చెయ్యి పట్టుకున్న స్త్రీ పడవ ఎక్కించగలిగేది, పిలిస్తే వెంట వచ్చే ఇరవై కిలోల కుక్కనే.

ఏ కుక్కైనా మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో బూస్టర్లు తప్పనిసరి. వరిచేలు, ఎలుకలు, నిలవనీరు ఉన్న మన చోట ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్ టీకా కూడా వేయించాలి. ఆ జబ్బు కుక్క మూత్రం ద్వారా పిల్లలకూ సోకవచ్చు. కుక్క తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలు తాకకూడదు. గుర్రుమంటే దాన్ని కొట్టకూడదు, ఎందుకంటే గుర్రుమనడం మనకు ముందే చేసే హెచ్చరిక. కరిచినా, గీరినా ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చెల్లెలి భర్త సెలవు మీద ఇంట్లో ఉండి, మొదటి ఏడాది దగ్గరుండి నేర్పగలిగితే జర్మన్ షెపర్డ్‌నే ఎంచుకునేవాడిని. ఇప్పుడున్న పరిస్థితికి నాటు కుక్కే మేలని చెల్లెలికి చెప్పాను. పక్క ఊరిలో ఒక రొయ్యల చెరువు గట్టున కాపలా ఉండే ఎర్రటి తల్లి కుక్కను ఇద్దరం వెళ్లి చూశాం. మమ్మల్ని చూసి అరిచింది, చెరువు రైతు పలకరించగానే ఆగింది, ఆయన మనవడు పక్కన కూర్చున్నా కదలలేదు. దాని పిల్లలకు ఇప్పుడు ఐదు వారాలు. ఒక ఆడ కుక్కపిల్లను మాకని చెప్పి, మరో మూడు వారాలు తల్లి దగ్గరే ఉంచమని అడిగి వచ్చాం.