వియన్నా నుంచి ప్రాగ్‌కి కారులో: ఆరేళ్లలో తొమ్మిది సార్లు వెళ్లొచ్చాక

ఆస్ట్రియా రాజధాని వియన్నాలో కారు కొని ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో పక్క దేశం చెక్ రాజధాని ప్రాగ్‌కి తొమ్మిది సార్లు వెళ్లాం. మొదటి రెండు సార్లు అందరిలాగే మికులోవ్ దగ్గర సరిహద్దు దాటి, బ్ర్నో మీదుగా డీ1 హైవే పట్టుకున్నాం. సుమారు 330 కిలోమీటర్లు, నాలుగు గంటలు. లారీల వెనక లారీలు, రోడ్డు పనులు. ఊరైతే చేరాం కానీ దారిలో చూసిందంటూ ఒక్కటీ గుర్తులేదు. మూడోసారి నుంచి దారి మార్చేశాం. డాన్యూబ్ లోయ, వాల్డ్‌ఫీర్టెల్ మెట్ట ప్రాంతం, గ్మూండ్ దగ్గర సరిహద్దు, ట్రెబోన్, చెస్కీ క్రుమ్లోవ్, ఆ పైన ప్రాగ్. దాదాపు 450 కిలోమీటర్లు, దారిలో రెండు రాత్రులు. మనవాళ్లు ఎవరు అడిగినా ఇప్పుడు ఈ దారే చెబుతున్నాను.

మెల్క్ దాకా హైవే మీద గంట ప్రయాణం. కొండ మీది పసుపు రంగు మఠం దూరం నుంచే కనిపిస్తుంది. ఇప్పుడున్న కట్టడం 1702లో మొదలుపెట్టారు, ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. లోపల లైబ్రరీ ఒక్కటి చూసినా టికెట్ డబ్బులు గిట్టుబాటవుతాయి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న 36 కిలోమీటర్ల లోయ పేరు వాఖావ్. 2000లో యునెస్కో జాబితాలో చేరింది. ఎక్కువమంది ఉత్తరపు ఒడ్డున బీ3 రోడ్డు మీద వెళ్లిపోతారు. మేం దక్షిణపు ఒడ్డున ఆర్న్స్‌డోర్ఫ్ వరకు వెళ్లి, కారుతో సహా ఫెర్రీ ఎక్కి స్పిట్స్‌లో దిగుతాం.

ఈ ఫెర్రీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నది దాటడానికి దీనికి ఇంజను అక్కర్లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పైన ఇనప తాడు కట్టి ఉంటుంది, పడవని దానికి తగిలిస్తారు. నడిపే ఆయన చుక్కాని తిప్పగానే పడవ ప్రవాహానికి ఏటవాలుగా నిలబడుతుంది, ఇక నీళ్లే దాన్ని అవతలికి తోసుకుపోతాయి. చప్పుడే ఉండదు. మాది సఖినేటిపల్లి. నర్సాపురం వెళ్లాలంటే గోదావరి మీద పంటు ఎక్కి పెరిగినవాళ్లం. 2023లో నాన్నగారిని తీసుకెళ్తే, ఆయన కారు దిగి తల పైకెత్తి ఆ తాడు కేసే చూస్తూ నిలబడ్డారు. "డీజిలు ఖర్చే లేదురా వీళ్లకి" అన్నారు. అవతలి ఒడ్డు చేరాక, ఇంకోసారి వెళ్లొద్దామా అని ఆయనే అడిగారు. వెళ్లొచ్చాం.

ఒక జాగ్రత్త. ఫెర్రీ సాయంత్రానికి ఆపేస్తారు, వరదొస్తే అసలు తిరగదు. ఓసారి అక్టోబరులో చీకటి పడ్డాక రేవుకి చేరాం. మా రూము ఎదురుగా స్పిట్స్‌లోనే, దీపాలు కూడా కనిపిస్తున్నాయి. కానీ మెల్క్‌కీ, క్రెమ్స్ ఎదుటి ఒడ్డున ఉన్న మౌటెర్న్‌కీ మధ్య వంతెన లేదు. మౌటెర్న్ దాకా వెళ్లి తిరిగి రావడానికి 40 నిమిషాలు పట్టింది, వెనక సీట్లో పిల్లలు ఆకలితో ఏడుపు. అప్పటినుంచి ఫెర్రీ టైము చూసుకున్నాకే మెల్క్‌లో ఎంతసేపు ఉండాలో లెక్క వేసుకుంటున్నాం.

డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాల దాకా ఎక్కడం పెద్దవాళ్లకి కష్టం. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192లో వియన్నా దగ్గర పట్టుకుని, తెచ్చి బంధించింది అక్కడే. కింద ఊళ్లో తిరిగినా బాగుంటుంది.

క్రెమ్స్ దాటి ఉత్తరానికి తిరగ్గానే ద్రాక్షతోటలు అయిపోయి గసగసాల చేలు మొదలవుతాయి. జూలైలో పూత మీద ఉంటాయి. ఇక్కడి గసగసాలు మన వాటిలా తెల్లగా ఉండవు, బూడిద రంగు. అమ్మ ఒక ప్యాకెట్ కొని, వియన్నాలో మా ఇంట్లో నానబెట్టి రుబ్బి కూరలో వేసింది. కూర రంగు నల్లబడింది, రుచి మాత్రం ఇంకా కమ్మగా ఉంది. నన్నడిగితే ఈ దారికి జూలై నడిమి రోజులే సరైనవి. వాఖావ్‌లో అప్రికాట్ పండ్లు కూడా అప్పుడే వస్తాయి. వాటిని పిండిలో చుట్టి ఉడికించి పెడతారు, శాకాహారులకు ఇంతకంటే మంచి తిండి ఈ దారిలో దొరకదు. చెక్ వైపు వెళ్తే వేయించిన ఛీజ్, బంగాళాదుంప ముక్కలే గతి. మేం ప్రతిసారీ పులిహోర కలుపుకునే బయల్దేరతాం.

గ్మూండ్ ఒకప్పుడు ఒకే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920లో రైల్వే స్టేషన్ ఉన్న వైపు చెకొస్లోవేకియాకి పోయింది. ఇప్పుడది చెస్కే వెలెనిత్సే. కారులో రెండు నిమిషాల్లో దేశం మారిపోతుంది. సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన షెంగెన్ దేశాలు కదా అని పాస్‌పోర్టులు ఇంట్లో వదిలేసి రావద్దు. మమ్మల్ని ఇప్పటికి రెండుసార్లు ఆపి అడిగారు.

హైవే మీద వెళ్లడానికి రుసుము కట్టి తీసుకునే స్టిక్కర్ విషయం. చెక్‌లో 2021 నుంచి కాగితం స్టిక్కర్ లేదు, కారు నంబరుతో ఆన్‌లైన్లో కొనాలి. పది రోజులకి 2025లో 290 కొరునాలు. ప్రభుత్వ సైట్లోనే కొనండి. నేను మొదటిసారి తొందరలో వేరే సైట్లో కొంటే దాదాపు రెట్టింపు తీసుకున్నారు. గ్మూండ్ నుంచి క్రుమ్లోవ్ దాకా ఇది అవసరం లేదు, ప్రాగ్ వైపు డీ3 ఎక్కేటప్పుడు కావాలి. చెక్‌లో డ్రైవింగ్ చేసేవాళ్లు చుక్క బీరు కూడా తాగకూడదు, పగలైనా హెడ్‌లైట్లు వేసుకోవాలి.

అద్దె కారుతో ఒకసారే వెళ్లాను. చెక్‌కి తీసుకెళ్లొచ్చని ఫోన్‌లో చెప్పినవాళ్లు, కౌంటర్ దగ్గర అదనంగా ఫీజు కట్టమన్నారు. గంటసేపు మాట్లాడినా తగ్గలేదు. సరిహద్దు దాటే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కారు తీసుకున్న ఊళ్లోనే తిరిగి ఇచ్చేలా ప్లాన్ చేసుకోండి, వేరే దేశంలో వదిలేస్తే ఛార్జీ చాలా ఎక్కువ.

క్రుమ్లోవ్‌లో రాత్రి ఉండి తీరాలి. పగలంతా టూరిస్టు బస్సులతో కిటకిటలాడుతుంది. సాయంత్రం అవి వెళ్లిపోయాక, ఊరిని చుట్టి మెలికలు తిరిగే వల్టావా నది చప్పుడు వినిపిస్తుంది. కారు పీ1 పార్కింగ్‌లో పెట్టి, కోటని కలిపే ఎత్తైన వంతెన కింద నుంచి నడిచి ఊళ్లోకి వెళ్లండి. మొదటిసారి అలా చూసినప్పుడు మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

ప్రాగ్‌లో కారు ఊరి చివర మెట్రో పక్కనున్న పార్కింగ్‌లో వదిలేయాలి. వియన్నాకి వచ్చేవాళ్లకీ అదే మాట. 2022 మార్చి నుంచి దాదాపు నగరమంతా సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా రోడ్డు పక్కన రెండు గంటలకు మించి ఆపనివ్వరు.

ఈ దారిలో నేను ఇన్నాళ్లూ సరిగ్గా పట్టించుకోనిది ట్రెబోన్. ఆ చుట్టుపక్కలన్నీ తవ్వించిన చెరువులే. అన్నిటికంటే పెద్దదైన రోజ్మ్‌బెర్క్ చెరువు 1590లో పూర్తయింది. శరత్కాలంలో నీళ్లు వదిలేసి, వలలతో కార్ప్ చేపలు పడతారు. ఇది విన్న దగ్గర్నుంచీ నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా చేపలు పట్టే తేదీ ఎప్పుడని అడుగుతున్నారు. ఈ అక్టోబరుకి ఆయన వస్తున్నారు. ట్రెబోన్‌లో రెండు రాత్రులకి రూము బుక్ చేశాను.