బిస్మార్క్ ఎస్టేట్లు: వార్జినా, ఫ్రీడ్రిష్‌రూనా?

జర్మనీ తొలి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ అనగానే యుద్ధాలు, జర్మనీ ఏకీకరణే గుర్తొస్తాయి గానీ, ఆయనకి భూములన్నా అడవులన్నా మహా పిచ్చి. 1866లో ఆస్ట్రియాని ఓడించాక ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) శాసనసభ 4 లక్షల థాలర్లు (అప్పటి వెండి నాణేలు) ఇస్తే, ఆ డబ్బుతో 1867లో బాల్టిక్ తీరంలోని పొమరేనియా ప్రాంతంలో వార్జిన్ ఎస్టేట్ కొన్నాడు. బెర్లిన్‌కి బాగా దూరం. రాజకీయాలు చిరాకు తెప్పిస్తే నెలల తరబడి అక్కడే మకాం వేసి, చెట్ల మధ్య తిరిగేవాడు. ఊరికే విశ్రాంతి కాదు, దగ్గర్లోనే పేపర్ మిల్లులు కూడా నడిచేవి, అంటే ఆదాయం.

ఫ్రీడ్రిష్‌రూ సంగతి వేరు. 1871లో జర్మన్ చక్రవర్తి హాంబర్గ్ దగ్గరి జాక్సెన్‌వాల్డ్ అడవిని బహుమతిగా ఇస్తే, అక్కడున్న పాత హోటల్‌నే ఇల్లు చేసుకున్నాడు (కోట కట్టుకోగల మనిషి!). పక్కనే హాంబర్గ్–బెర్లిన్ రైల్వే లైను. 1890లో ఛాన్సలర్ పదవి పోయాక ఇదే కలిసొచ్చింది: అభిమానులు, విలేకర్లు రైలెక్కి వచ్చేవాళ్లు, ఆయన అక్కడి నుంచే హాంబర్గ్ పత్రిక ద్వారా కొత్త ప్రభుత్వాన్ని ఏకిపారేసేవాడు.

రాజకీయం వదల్లేని మనిషికి ఫ్రీడ్రిష్‌రూయే సరైనది, 1898లో పోయింది కూడా అక్కడే. నన్నడిగితే మాత్రం వార్జినే. అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది, ఆ భవనంలో అటవీ విద్య నేర్పే స్కూలు నడుస్తోంది. ఫ్రీడ్రిష్‌రూ ఇల్లయితే 1945 బాంబుదాడిలోనే పోయింది.