రెండు వేల డాలర్ల లోపు .338 లాపువా: సావేజ్ 110 కొనొచ్చా?

అమెరికాలో వెయ్యి గజాల పైన టార్గెట్ షూటింగ్ చేయాలనుకునేవాళ్లకు పెద్ద క్యాలిబర్ (తూటా వ్యాసం) రైఫిల్ అనగానే .50 బీఎంజీ, అంటే అర అంగుళం వ్యాసమున్న భారీ తూటా గుర్తొస్తుంది. చవకలో కావాలంటే ఆ ఆలోచన పక్కన పెట్టడమే మేలు. అందులో సింగిల్ షాట్ రైఫిల్ ఒక మోస్తరు ధరకే దొరుకుతుంది గానీ, బరువు పది కిలోలు దాటుతుంది, చాలా షూటింగ్ రేంజ్‌లు దాన్ని లోపలికి రానివ్వవు. కాలిఫోర్నియాలో 2005 నుంచి .50 బీఎంజీ రైఫిళ్ల అమ్మకమే నిషేధం. దాని కింది మెట్టు .338 లాపువా మాగ్నమ్. ఫిన్లాండ్‌కు చెందిన లాపువా కంపెనీ తూటా ఇది. 250 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) తూటా సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయల్దేరి, సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో 1,400 గజాల వరకూ ధ్వని వేగానికి పైనే ఉంటుంది. ధ్వని వేగం కిందికి పడిపోయాక తూటా ఊగుతుంది, గ్రూపు (వరసగా కాల్చిన తూటాలు ఒకే చోట పడటం) చెదురుతుంది. అందుకే దూరపు గురికి ఈ అంకె అంత ముఖ్యం.

ఈ క్యాలిబర్‌లో పేరున్న రైఫిళ్లు, అంటే బ్యారెట్ ఎంరాడ్, అక్యూరసీ ఇంటర్నేషనల్ లాంటివి, ఆరేడు వేల డాలర్ల పైమాటే. అమెరికా కంపెనీ సావేజ్ చేసే 110 బోల్ట్ రైఫిల్ మాత్రం మోడల్‌ను బట్టి సుమారు 1,300 నుంచి 2,000 డాలర్లలో వస్తుంది. మూడో వంతు ధరకు ఏం వస్తోంది, ఏం రావడం లేదు అన్నదే ఇక్కడ చూడాల్సింది. టార్గెట్ మీద తేడా చాలా తక్కువ. తేడా అంతా చేతికి తెలుస్తుంది.

110 యాక్షన్ (తూటాను లోపలికి తోసి, మూసి, పేల్చే యంత్రభాగం) 1958 నాటిది. ఇంతకాలం నిలబడటానికి ఒక కారణం బ్యారెల్‌ను బిగించే పద్ధతి. చాలా రైఫిళ్లలో బ్యారెల్ భుజం యాక్షన్‌కు ఆనేలా లేతు మీద కొలతగా కోయాలి. సావేజ్‌లో బ్యారెల్‌కు ఒక నట్టు ఉంటుంది. ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) గో గేజ్ (కనిష్ఠ కొలత దిమ్మె) పెట్టి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) మూసి, గేజ్ తగిలే దాకా బ్యారెల్ తిప్పి, నట్టు బిగిస్తే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కు, ఛాంబర్‌కు మధ్య తూటాకు ఉండాల్సిన చోటు) కుదిరినట్టే. తర్వాత నో-గో గేజ్ (గరిష్ఠ కొలత దిమ్మె) మీద బోల్ట్ మూసుకోకూడదు. ఫ్యాక్టరీలో కొలత కచ్చితంగా, చవకగా కుదరడానికి కారణం ఇదే. బోల్ట్ తల కూడా విడిగా, కాస్త కదిలేలా ఉంటుంది కాబట్టి రెండు లగ్గులూ (బోల్ట్‌ను బిగించి పట్టే పళ్లు) సమంగా ఆనుతాయి. .338 లాపువా బ్యారెల్ ఆయుష్షు రెండు వేల తూటాలకు అటూ ఇటూ. అది అరిగిపోయాక గన్‌స్మిత్ దగ్గర నెలల తరబడి వేచి ఉండకుండా, ముందే ఛాంబర్ కోసిన బ్యారెల్ తెచ్చి మార్చుకోవచ్చు. కాకపోతే మామూలు 110 బ్యారెల్ లాపువా మోడల్‌కు సరిపోతుందని అనుకోవద్దు. షాంక్ (యాక్షన్‌లోకి బిగిసే బ్యారెల్ భాగం) సైజు, బోల్ట్ ఫేస్ (తూటా అడుగు ఆనే బోల్ట్ ముఖం) రెండూ చూసుకునే ఆర్డర్ పెట్టాలి.

ట్రిగ్గర్ ఈ ధరలో దొరికేవాటిలో మేలైనది. సావేజ్ సొంత ట్రిగ్గర్ అయిన అక్యుట్రిగ్గర్ మధ్యలో సన్నటి బ్లేడు ఉంటుంది. వేలు ముందు దాన్ని పూర్తిగా నొక్కాలి, ఆ తర్వాతే సియర్ (ఫైరింగ్ పిన్‌ను పట్టి ఉంచే కొక్కెం) వదులుతుంది. వేలు పక్కగా పడి బ్లేడు సరిగ్గా నొక్కుకోకపోతే 'టిక్' మని చప్పుడొస్తుంది, తూటా పేలదు, ట్రిగ్గర్ చచ్చుబడిపోతుంది. కొత్తవాళ్లు తుపాకీ పాడైందనుకుని షాపుకు తీసుకెళ్లేది ఇక్కడే. అది రక్షణ కోసం పెట్టిందే. గొట్టం మొన టార్గెట్ వైపే ఉంచి, బోల్ట్ పిడి పైకెత్తి దించితే మళ్లీ కాక్ అవుతుంది (పేలడానికి సిద్ధమవుతుంది). ట్రిగ్గర్ నొక్కే బరువును పెట్టెలో వచ్చే చిన్న పనిముట్టుతో మార్చుకోవచ్చు. కనిష్ఠానికి దించేయకుండా రెండున్నర పౌండ్ల దగ్గర ఆపితే చలికాలంలో గ్లవ్స్ వేసుకున్నా ఇబ్బంది ఉండదు.

ఇక చేతికి తెలిసే తేడా. బోల్ట్ ఎత్తడం బరువు. ఖరీదైన రైఫిళ్లలో జారినట్టు కదిలే బోల్ట్ ఇందులో మొదట్లో గరగరమంటుంది. రెండు మూడు వందల సార్లు ఆడించి, లగ్గుల వెనక, కాకింగ్ ర్యాంపు (బోల్ట్ ఎత్తినప్పుడు స్ప్రింగును బిగించే వాలు) మీద సన్నగా గ్రీజు రాస్తే చాలావరకు తగ్గుతుంది. అయితే ఒక జాగ్రత్త. బోల్ట్ బరువు తుపాకీ స్వభావమా, తూటా ఒత్తిడి ఎక్కువైందా అన్నది తెలుసుకోవాలి. ఖాళీ ఛాంబర్ మీద ట్రిగ్గర్ నొక్కి బోల్ట్ ఎత్తి చూడండి. అప్పుడూ అంతే బరువుంటే అది స్ప్రింగు పని. కాల్చిన తర్వాత మాత్రమే బిగుసుకుపోతుంటే, దాంతోపాటు కేసు (తూటా ఇత్తడి గుల్ల) అడుగున ఎజెక్టర్ (కాల్చిన కేసును బయటికి నెట్టే పిన్) రంధ్రం గుర్తు మెరుస్తూ కనిపిస్తుంటే, ఆ తూటాలు అక్కడితో ఆపేయాలి. ఎండలో కారు డిక్కీలో ఉంచిన తూటాలతో, ఛాంబర్‌లో నూనె తడి ఉండిపోయినప్పుడు ఇది తరచూ కనిపిస్తుంది.

బలహీనత అంటే మ్యాగజైనే. ఐదు తూటాలు పడుతుంది, విడిగా కొనాలంటే ఖరీదు. తూటాను వెనక గోడకు ఆనించి పెట్టకపోతే పొడవాటి 300 గ్రెయిన్ల బుల్లెట్ (తూటా ముందుండే లోహపు ముక్క) మొన ముందు గోడకు గుచ్చుకుని నిలిచిపోతుంది. .338 లాపువా తూటా గరిష్ఠ పొడవు 93.5 మిల్లీమీటర్లు. సొంతంగా తూటాలు తయారుచేసుకునేవాళ్లు బుల్లెట్‌ను రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలి గాడులకు) దగ్గరగా కూర్చోబెట్టాలని పొడవు పెంచితే, అవి మ్యాగజైన్‌లో పట్టక ఒక్కొక్కటీ చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. బోల్ట్‌ను పూర్తిగా వెనక్కి లాగకపోతే కింది తూటా పైకి రాదు. దీన్ని మ్యాగజైన్ తప్పని అనుకునేవాళ్లే ఎక్కువ.

మజిల్ బ్రేక్ (బ్యారెల్ కొసన బిగించి, పేలుడు గాలిని పక్కలకు మళ్లించే భాగం) గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్కోపుతో కలిపి ఆరు కిలోల రైఫిల్ మీద బ్రేక్ లేకుండా .338 లాపువా వెనక్కి తన్నే శక్తి మామూలు .308 రైఫిల్ కంటే రెట్టింపు దాటుతుంది. బ్రేక్ ఉంటే భుజానికి అది ఇంచుమించు .308 స్థాయికి దిగుతుంది. దాని వెల చెవులు, పక్కవాళ్లు చెల్లించాలి. పేలుడు గాలి రెండు పక్కలకూ కొడుతుంది. రేకుల కప్పున్న ఫైరింగ్ లైన్‌లో ఇది మరీ ఘోరం. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్స్, రెండూ తప్పనిసరి. లైన్‌లో చిట్టచివరి బెంచీ అడిగి తీసుకోండి. పొడి నేల మీద పడుకుని కాలిస్తే దుమ్ము లేచి తూటా పడ్డ చోటు కనిపించదు కాబట్టి బ్రేక్ కింద ఒక చాప పరవండి. ప్రతి సెషన్ ముందు బ్రేక్ వదులైందేమో చేత్తో తిప్పి చూడాలి. వంకరగా నిలిచిన బ్రేక్ అంచును తూటా రాసుకుంటే బ్రేక్ పాడవడమే కాకుండా తూటా ఎటు పోతుందో చెప్పలేం.

రైఫిల్‌లో మిగిలిన డబ్బు స్కోపులో పెట్టండి. ఇక్కడ కక్కుర్తి పడితే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. 100 గజాల దగ్గర జీరో చేసిన (గురి సరిచేసిన) .338 లాపువాకు 1,000 గజాల దగ్గర సుమారు 26 నుంచి 28 ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) ఎత్తు కావాలి. 1,500 దగ్గర అది 50 దాటుతుంది. స్కోపులో మొత్తం 70 ఎంఓఏ ఉందని పెట్టె మీద రాసి ఉంటే, సమతలపు రైలు (స్కోపు బిగించే పట్టీ) మీద పైకి పనికొచ్చేది అందులో సగం, అంటే 35 మాత్రమే. 20 ఎంఓఏ వాలున్న రైలు వేస్తే అదే 55 అవుతుంది. ఈ లెక్క చూడకుండా కొని, 1,200 గజాల దగ్గర టరెట్ (స్కోపు గురిని మార్చే గుండీ) చివరికి తగిలాక బాధపడి లాభం లేదు. ట్యూబు 30 లేదా 34 మిల్లీమీటర్లు, టరెట్, రెటికిల్ (స్కోపులో కనిపించే గీతలు) రెండూ ఒకే కోణపు కొలతలో (రెండూ మిల్ లేదా రెండూ ఎంఓఏ), ఐ రిలీఫ్ (కంటికి, స్కోపుకు మధ్య దూరం) మూడున్నర అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. రింగుల పై స్క్రూలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల మధ్య టార్క్ రెంచితో బిగించాలి. చేతి అంచనాతో బిగిస్తే ట్యూబు నొక్కుకుపోతుంది, లేదా రీకాయిల్‌కు స్కోపు ముందుకు జారుతుంది. రింగు అంచున ట్యూబు మీద పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకుంటే జారుడు వెంటనే తెలుస్తుంది.

ఖర్చు అసలు తెలిసేది తూటాల దగ్గర. మ్యాచ్ (పోటీల స్థాయి) తూటా ఒక్కోటి ఐదు నుంచి ఎనిమిది డాలర్లు. హార్నడీ 285 గ్రెయిన్ల ఈఎల్‌డీ మ్యాచ్, లాపువా 250 గ్రెయిన్ల సీనార్ నమ్మకమైనవి. సెర్బియాలో తయారయ్యే పీపీయూ చవక, జీరో చేయడానికి, అలవాటు పడటానికి సరిపోతుంది. సొంతంగా లోడ్ చేసుకుంటే కేసు ఖరీదు పక్కన పెట్టి తూటా రెండు డాలర్ల చిల్లరకు దిగుతుంది. ఒక్కో తూటాకు మందు దాదాపు 90 గ్రెయిన్లు పడుతుంది, అంటే పౌండు డబ్బాకు 77 తూటాలు. కొలతలు ప్రచురిత మాన్యువల్ నుంచే తీసుకోవాలి, అదీ అడుగు మోతాదు నుంచి మొదలుపెట్టి. రైఫిల్ 1,600, స్కోపు 1,200, రింగులు, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) కలిపి 250, వంద తూటాలు 600 అనుకుంటే మొదటి రోజుకే 3,600 డాలర్లు దాటుతుంది. ఈ అంకె బరువనిపిస్తే, లేదా మీకు దగ్గర్లోని రేంజ్ 300 గజాలతో ఆగిపోతుంటే, ఇదే సావేజ్ 110ని 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న క్యాలిబర్‌లో తీసుకోండి. గాలి చదవడం నేర్పేది అదే, పైగా చాలా తక్కువ ఖర్చుతో.

దూరం ఉన్న రేంజ్ ఎక్కడ అనేది కొనేముందే తేల్చుకోవాలి. న్యూ మెక్సికోలోని రాటన్ దగ్గర ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) విటింగ్టన్ సెంటర్‌లో 1,123 గజాల దగ్గర నిలబెట్టిన తెల్ల అడవిదున్న ఉక్కు టార్గెట్ ఉంది. ఈ క్యాలిబర్ రుచి తెలియడానికి అలాంటి చోటు కావాలి. డాలస్ తెలుగువాళ్లకు అది ఎనిమిది, తొమ్మిది గంటల డ్రైవ్.

కొనే పద్ధతి మన వాళ్లలో చాలామందికి సరిగ్గా తెలియదు. షాపులో ఫారం 4473 నింపాలి, నేపథ్య తనిఖీ జరగాలి. ఆన్‌లైన్‌లో కొన్నా తుపాకీ ఇంటికి రాదు, లైసెన్సున్న డీలర్‌కే వస్తుంది. ఆయన ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసుకుని అదే తనిఖీ చేస్తాడు. పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకు మిగతా అర్హతలుంటే ఇబ్బంది లేదు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడమే కాదు, చేతిలో ఉంచుకోవడం కూడా నిషేధం. రేంజ్‌లో అద్దె తుపాకీ కూడా అందులోకే వస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. దానిపైన రాష్ట్ర చట్టం వేరేగా ఉండొచ్చు కాబట్టి ముందు లాయర్‌ను అడగాలి. గ్రీన్‌కార్డున్న స్నేహితుడి పేరు మీద మీకోసం కొనిపించడం నేరం. గంజాయి వాడకం గురించి ఫారంలో ప్రశ్న ఉంటుంది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా ఫెడరల్ లెక్కలో అది అనర్హతే.

పాతది కొంటే ముందు బోరోస్కోపుతో (బ్యారెల్ లోపల చూసే సన్నటి కెమెరాతో) ఛాంబర్ ముందు భాగం చూడండి. అక్కడ ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు కాస్త ఉండటం సహజం. ఆ పగుళ్లు బ్యారెల్‌లో అంగుళాల కొద్దీ పాకి, రైఫ్లింగ్ అంచులు మొద్దుబారి ఉంటే కొత్త బ్యారెల్ ఖరీదు ధరలోంచి తగ్గించమని అడగండి. బ్యారెల్ నట్టు మీద రెంచి గాట్లుంటే ఎవరో విప్పారని అర్థం. గో, నో-గో గేజులతో చూపించేదాకా డబ్బు ఇవ్వొద్దు.

ఇంకొకటి. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగును ప్రయాణాలకు ఎప్పుడూ వాడకండి. లైనింగ్ మడతలో ఇరుక్కున్న ఒక్క తూటా శంషాబాద్ విమానాశ్రయంలో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. మరిచిపోయానన్న మాట స్కానర్ దగ్గర చెల్లదు. ఆ బ్యాగుకు ఎర్ర ట్యాగు కట్టి, తూటాల డబ్బాలతోపాటు తాళం వేసిన అలమరలోనే ఉంచండి.