ఎనిమిదేళ్లుగా వాడుతున్న ఇంగ్లీషు అక్షరాల బిళ్లల పెట్టె

ఇది స్క్రాబుల్ ఆట పెట్టె: ఒక గళ్ల అట్ట, దాని మీద మాటలుగా పేర్చడానికి ఇంగ్లీషు అక్షరాల బిళ్లలు. నాది పేరున్న కంపెనీది కాదు. బరంపురంలో ఒక బొమ్మల కొట్లో కొన్న మామూలు సెట్టు, చెక్క బిళ్లల మీద అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. గళ్ల అట్ట మీద ఆట ఆడింది తక్కువ. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెబుతాను. బిళ్లలు అరిగిందంతా అక్కడే, చాప మీద.

ఈ పెట్టె మీద నాకింత ఇష్టం ఉండడానికి కారణం ఒక్కటే. అక్షరాలు అవే, చోటు మారితే మాట మారిపోతుంది. ట్రయాంగిల్‌లో ఎనిమిది అక్షరాలు. ఆ ఎనిమిదీ అటూ ఇటూ జరిపితే ఇంటిగ్రల్. లెక్కలు చెప్పే మనిషిని, ఇన్నేళ్లూ ఈ రెండు మాటలూ బోర్డు మీద రాస్తూనే ఉన్నాను, ఒక్కసారీ కనపడలేదు. బిళ్లలు చేతిలో ఉంటే కనపడింది. ఆ రాత్రి అన్నం కూడా ఆలస్యంగా వండాను, ఇంకా ఏమైనా వస్తాయేమోనని జరుపుతూ కూర్చుని. వచ్చాయి: రిలేటింగ్, ఆల్టరింగ్, అలర్టింగ్. ఐదు మాటలకీ అవే ఎనిమిది బిళ్లలు.

నిజంగా అవేనా అని పిల్లలకు అనుమానం వస్తే ఏబీసీడీల వరసలో పేర్చమంటాను. ఏ, ఇ, జి, ఐ, ఎల్, ఎన్, ఆర్, టి. రెండు మాటలకీ అదే వరస వస్తే రెండింటి అక్షరాలూ ఒకటే. ఈ కిటుకు చిన్న తరగతుల వాళ్లకు కూడా ఇట్టే పట్టుబడుతుంది. తెలుగులోనూ ఇలాంటివి ఉన్నాయని చెబితే వాళ్ల మొహాలు చూడాలి: పలక, కలప. పడక, కడప. నవల, వలన. గుణింతాలూ ఒత్తులూ వచ్చాయంటే ఇంత సులువుగా కుదరదు గానీ, మా పిల్లలకు ఇవే పండగ. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, తెలుగు రాసి చూపిస్తే చదవలేరు. అందుకని ఈ మాటలు నోటితోనే ఆడతాం.

ఇక పెట్టె నన్ను దెబ్బ తీసిన రోజు. కొన్న మూడో ఏడు. ఒడియా మీడియం నుంచి కొత్తగా వచ్చిన తొమ్మిదో తరగతి అబ్బాయి ఉండేవాడు. అడిగితే తప్ప మాట్లాడడు. ట్రయాంగిల్ బిళ్లలు ఎనిమిదీ కలిపేసి, "ఇది మన పాఠంలో మాటే, కనుక్కో" అని అతని ముందు పోశాను. అరగంటైంది. పక్కవాళ్లు వాళ్ల మాటలు పూర్తి చేసి లెక్కల్లోకి వెళ్లిపోయారు. ఇతను మాత్రం తల వంచుకుని బిళ్లలు జరుపుతూనే ఉన్నాడు. నాకు విసుగొచ్చింది. "రోజూ రాసే మాటే కదా, అదీ రాదా?" అని అందరి ముందూ అనేశాను.

అప్పుడు మెల్లగా అన్నాడు: "రాఫ్టింగ్ వస్తంది మేడం. ఎల్ ఒకటి మిగిలిపోతంది."

రాఫ్టింగా? అందులో ఎఫ్ ఎక్కడిది? వంగి చూశాను. ఇ బిళ్లకు అడుగు గీత అరిగిపోయింది. పైగీత, మధ్యగీత, నిలువుగీత మిగిలాయి. ఎవరు చూసినా అది ఎఫ్. ఆ అబ్బాయి లేని మాట కోసం అరగంట వెతికాడు. టీచర్ ఇచ్చిన అక్షరం తప్పు అవుతుందని అతనికి తోచలేదు. వెతికి వెతికి ఏడక్షరాల మాట పట్టుకున్నాడు కూడా. తిట్టినంత గట్టిగానే, అందరి ముందూ, తప్పు నాదేరా నాన్నా అని చెప్పాను. తర్వాత నేనూ ఆ ఎఫ్‌తోనే కూర్చున్నాను. ఫ్లేరింగ్ వచ్చింది, టి మిగిలింది. ఎనిమిదీ సరిపోయే మాట నాకూ దొరకలేదు.

ముందు ఇ అరగడంలో వింతేమీ లేదు. 1930లలో ఈ ఆటను రూపొందించిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్ఫ్రెడ్ బట్స్, పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి బిళ్లలు నిర్ణయించాడు. 100 బిళ్లల్లో ఇ పన్నెండు, క్యూ ఒక్కటి. పన్నెండు ఉన్నా చేతులు పడేది వాటి మీదే. మా పెట్టెలో క్యూ, జెడ్ ఇప్పటికీ కొన్నప్పటిలాగే ఉన్నాయి.

గోళ్లరంగు పూసి చూశాను, వర్షాకాలం దాటలేదు. చివరికి మా వీధిలో కొమ్ముపని (పశువుల కొమ్ములతో వస్తువులు చెక్కే పని) చేసే ఒకాయన సన్న ఉలితో గీతలు చెక్కి నల్లరంగు నింపి ఇచ్చారు. అవి ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదు. ఆ ఎఫ్ అయిపోయిన ఇ బిళ్లను మాత్రం చెక్కించలేదు. విడిగా అగ్గిపెట్టెలో ఉంచాను. కొత్తగా చేరిన వాళ్లకు ఒకసారి చూపించి, అక్షరం తేడాగా కనిపిస్తే నన్ను అడగమని చెబుతాను.

కొన్న కొత్తలో స్పెల్లింగ్ బాగుపడుతుందని తోటి టీచర్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఒకమ్మాయి పరీక్షలో ట్రయాంగిల్ చివర ఎల్‌కి ముందు ఇ రాసింది. నా కిటుకు ప్రకారం వరస పెడితే అన్నీ సరిపోతాయి, ఒక్క అక్షరం కూడా తేడా లేదు. మార్కు మాత్రం పోయింది. ఏ అక్షరాలు ఉండాలో బిళ్లలు నేర్పాయి, ఏది ముందో నేర్పలేదు. ఇప్పుడు బిళ్లలు పేర్చాక అదే మాట నోట్సులో మూడుసార్లు రాయిస్తున్నాను.

మాకు పనికొచ్చింది ఐదారుగురు పిల్లలు ఒక చాప చుట్టూ కూర్చుంటారు కాబట్టి. ఇంట్లో ఒక్క బిడ్డే ఉండి, పక్కన కూర్చునే పెద్దవాళ్లకు తీరిక లేకపోతే పెట్టె అటక ఎక్కుతుందేమో. కొనేటట్లయితే కొట్లోనే ఒక ఇ బిళ్ల తీసి గోటితో గట్టిగా గీకి చూడండి. రంగు గోటికి అంటితే ఆ సెట్టు వద్దు, అక్షరం చెక్కి ఉన్నది అడగండి.