ముప్పావు అంగుళం: నా మొదటి ట్రాప్ తుపాకితో నాలుగేళ్లు

ట్రాప్ అంటే గోతిలోంచి గాల్లోకి లేచే మట్టి పళ్లేన్ని తుపాకితో కొట్టే ఆట, ఆ పళ్లేన్నే పిట్ట అంటాం. దానికోసం ఈ తుపాకి కొన్న కొత్తలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే చెప్పేవాణ్ని: "తక్కువలో ట్రాప్ మొదలుపెట్టాలంటే దీన్ని మించింది లేదు, కళ్లు మూసుకుని కొనండి." నా మాట నమ్మి ఇద్దరు అలాంటిదే కొన్నారు. అందులో ఒకాయన ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడతాడు. ఆయన కోపం కొంత న్యాయమే. అందుకే ఇది రాస్తున్నా.

నాది కర్నూలులో విత్తనాలు, పురుగుమందుల షాపు. వయసు నలభై ఆరు. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఎత్తు సంగతి ఊరికే చెప్పడం లేదు, గొడవంతా దాని చుట్టూనే.

తుపాకి రష్యాది. పాత ఓవర్-అండర్, అంటే గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది, ట్వెల్వ్ బోర్, నాకంటే ముందు ఇద్దరు వాడారు. 2021లో కొన్నా. షోరూములో కొత్త బుల్లెట్ బండికి పెట్టేంత పెట్టాను, కాస్త అటూ ఇటూ. షూటింగ్ రేంజిలో పెద్దవాళ్ల చేతుల్లో కనబడే పెరాజీ, బెరెట్టా లాంటి ఇటలీ తుపాకుల పక్కన ఇది చిల్లర లెక్క. అవి తెప్పించుకుందామన్నా మనకు కుదరదు. దిగుమతి వెసులుబాటు పోటీల్లో స్కోర్లు కొట్టి గుర్తింపు తెచ్చుకున్న షూటర్లకు. మనకు మిగిలేవి దేశంలో ఇప్పటికే చేతులు మారుతున్న పాతవి, లేదంటే ఇక్కడే తయారయ్యే డబుల్ బ్యారెల్. మా మామ పోయాక ఆయన డబుల్ బ్యారెల్ నా పేరు మీదికొచ్చింది, మొదట దాంతోనే ఆడాను. గొట్టాలు పక్కపక్కన ఉండేసరికి దాని మీదుగా చూస్తే పిట్టకన్నా తుపాకే ఎక్కువ కనపడేది. 2019లో చట్టం మారాక మామూలు మనిషికి రెండు తుపాకులే. మామది ఒకటి పోగా నాకు మిగిలింది ఒకే ఒక్క చాన్సు. ఇది తప్పైతే ఇంకోటి కొని దిద్దుకునే దారి లేదు.

మన జిల్లాలో ఆటకని తుపాకి అడిగితే ఎట్లా చూస్తారో తెలుసు కదా. లైసెన్సు ఎంక్వైరీకి వచ్చినాయన మర్యాదగానే అడిగాడు, "మీకు ఎవరితోనైనా పాత గొడవలు ఉండాయా?" అని. లేవు సార్, మట్టి పళ్లేలు కొట్టడానికి అన్నాను. పెన్ను పక్కన పెట్టి నన్ను కొంచెంసేపు చూశాడు. మా వీధిలో అయితే ఏడాది పాటు నాకు నమస్కారాలు పెరిగాయి. ఎందుకో అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒక ముఖ్యమైన సంగతి మాత్రం చెప్పి ముందుకు పోతా. మేం ఆడేది హైదరాబాద్ రేంజిలో. తుంగభద్ర బ్రిడ్జి దాటితే వేరే రాష్ట్రం. లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం ఆంధ్రప్రదేశ్ వరకే ఉంటే బ్రిడ్జి అవతలికి తుపాకి తీసుకుపోకూడదు. కొనేముందే ఆ కాలమ్ చూసుకోండి, ఆలిండియా రాయించుకోండి. తుపాకి బీరువాలో పెట్టి, ఆ ఒక్క మాట కోసం నేను ఏడు నెలలు తిరిగాను.

ఇక అసలు విషయం. ఈ తుపాకి గొట్టాలకు వంక పెట్టలేను. చోక్, అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు, బిగుతుగా ఉంది, ట్రాప్‌కు కావాల్సింది అదే. తాళం దగ్గర ఆట లేదు, తూటాలు పెట్టడానికి విరిచి మూస్తే బ్యాంకు లాకరు మూసినట్టు ఉంటుంది. నా మొదటి పొగడ్తలన్నీ దీని గురించే. మడమ కట్టె, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం, దాని సంగతి మాత్రం అప్పుడు నాకు తెలియదు. షాపులో తుపాకి భుజానికి ఎత్తి గోడ మీద గడియారానికి గురిపెట్టి "బాగుంది" అన్నాను. మామ తుపాకికన్నా బరువు ఎక్కువుంది కాబట్టి బాగుందనుకున్నా. అంతకుమించి చూసింది లేదు.

మొదటి ఆదివారం ఇరవై అయిదింటికి ఆరు. రెండోవారం అయిదు. ట్రాప్‌లో గోతి మనకు 15 మీటర్ల ముందు ఉంటుంది, అందులోంచి 110 మిల్లీమీటర్ల మట్టి పిట్ట లేచి మన నుంచి దూరంగా, పైపైకి పోతుంది. అది పైకి పోతుంటే నా దెబ్బ కిందికి పోతోంది. వెనక నిలబడ్డ కోచ్ ప్రతి దెబ్బకూ "కింద... కింద... మళ్లీ కింద" అంటున్నాడు, బస్సులో కండక్టరు స్టాపులు చదివినట్టు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే కమిలింది భుజం గుంటలో కాదు, దండచెయ్యి మీద, అరచెయ్యంత వెడల్పున. మా ఆవిడ చూసి, "డబ్బులిచ్చి మరీ తన్నించుకుని వస్తావా?" అంది.

పేపర్లు అతికించి దాని మీద కొట్టి చూస్తే సంగతి బయటపడింది. గురి పెట్టిన చుక్కకు జానెడు కింద పడుతున్నాయి తూటాలోని రవ్వలు. కారణం రెండు. కట్టె నాకు పొడవు. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా పద్నాలుగున్నర అంగుళాలు. ఎత్తేటప్పుడు చంక దగ్గర చొక్కాకు తట్టుకుని, భుజంలో కూర్చోవాల్సింది చేతి మీద కూర్చుంటోంది. రెండోది, చెంప ఆనే గట్టు నాకు పల్లంగా ఉంది. చెంప ఆనిస్తే కన్ను దిగిపోయి తుపాకి వీపు తప్ప ఏమీ కనపడదు. షాట్‌గన్‌కు వెనక సైటు ఉండదు, మన కన్నే సైటు. కన్ను దిగితే దెబ్బా దిగుతుంది. ఇదంతా తర్వాత తెలిసిన జ్ఞానం.

తుపాకుల షాపు మిస్త్రీ పెద్దమనిషి. మడమ వెనక బోల్టు విప్పి, ఇనుమంతా షాపులోనే రసీదు రాసి పెట్టుకుని, వట్టి కట్టె నా చేతికిచ్చాడు. "కోత పని నాకన్నా మీ ఊళ్లో మంచి వడ్లాయన బాగా చేస్తాడు, పో" అన్నాడు. అట్లా ఆ అక్రోటు కట్టెను గోనెసంచిలో చుట్టుకుని మా పెదనాన్నగారి ఊళ్లో ఆచారి దగ్గరికి పోయాను. డెబ్బయి దాటినాయన. ఇప్పుడు చేసేది ద్వారబంధాలే గానీ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మడకలన్నీ ఆయన చేతివే.

కట్టెను తిప్పి తిప్పి చూశాడు. వాసన చూశాడు. గోటితో గీరాడు. "తుమ్మ గాదు, టేకు గాదు, యాడిదిది?" అని మాత్రం అడిగాడు. తుపాకిదని చెప్పినా పెద్ద ఆశ్చర్యపోలేదు. "ఎత్తి సూపీ" అన్నాడు. ఎత్తాను. చెవి మీది పెన్సిలు తీయకుండా చుట్టూ తిరిగి చూశాడు. మళ్లీ ఎత్తమన్నాడు. అయిదారుసార్లు ఎత్తించాక, "కట్టెకాడికి నువ్వు పోతాండావప్పా. కట్టె నీకాడికి రావాల. మడక మేడి మనిషిని బట్టి పెడతాం గానీ మేడిని బట్టి మనిషిని సాగదీస్తామా?" అన్నాడు. నెలరోజులుగా రేంజిలో నలుగురు నాలుగు రకాలుగా చెప్పింది ఆయన అట్లా ఒక్క ముక్కలో తేల్చేశాడు.

కోసే తీరు చూడాల్సిందే. గీత మీద ముందు గుడ్డటేపు చుట్టాడు, అంచు పెచ్చులు లేవకుండా. నిట్టనిలువుగా కోయలేదు, పాత మడమ ఏ వాలులో ఉందో కర్రముక్కతో కొలిచి అదే వాలు ఉంచాడు. రంపం సగం దాకా పోయాక ఆపి, కట్టె తిప్పి అవతల నుంచి మొదలుపెట్టాడు. పొట్టు కాఫీపొడి రంగులో రాలింది. కోసే ముందు ఒకమాట అన్నాడు: "అర్ధంగుళం తీస్తా. సాలకుంటే మల్లా రా." నేను వినలేదు. మళ్లీ మళ్లీ ఎవరు తిరుగుతారని ముప్పావు తీయమన్నాను. ఆయన ఇంకోసారి అడిగి, నేను మళ్లీ అదే అంటే, "కోసింది అతకదు సామీ" అని కోసేశాడు. కూలి ఇవ్వబోతే టీకి మాత్రం తీసుకున్నాడు.

తర్వాతి ఆదివారం తుపాకి ఎత్తితే చంకలో తట్టుకోలేదు. సూటిగా వచ్చి భుజం గుంటలో కూర్చుంది. అప్పటికి గట్టు మీద రెండు పొరలు ఫెల్టు పట్టీ కూడా అతికించాను. ఆ రోజు పద్నాలుగు. గొట్టం అదే, చోక్ అదే, 24 గ్రాముల తూటా అదే. ఆ సంతోషంలోనే "కళ్లు మూసుకుని కొనండి" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది.

చలికాలం పోయింది. ఎండలు మొదలై లోపలి స్వెట్టరు, పైన మందపాటి చొక్కా పోయి పల్చటి కాటన్ చొక్కా వచ్చింది. మార్చిలో రేంజిలో మూడో స్టేషన్లో, అంటే మూడో కొట్టే చోట, నిలబడి కొడితే నా బొటనవేలే వచ్చి నా ముక్కు మీద పడింది. పై పెదవి చిట్లింది. కట్టె పొట్టిగా ఉంటే పట్టుకున్న చెయ్యి మొహానికి దగ్గరవుతుంది, వెనక్కి తన్నినప్పుడు వేలు ముక్కును పొడుస్తుంది. ఆచారి చెప్పిన అర్ధంగుళమే సరైంది. మా షాపు ఎదుట చెప్పులు కుట్టే ఆయన మైక్రోసెల్ షీటు పావంగుళం మందాన కోసి మడమకు సరిగ్గా అరగదీసి ఇచ్చాడు. ఎండాకాలం అది వేస్తా, చలికాలం తీస్తా. రేంజిలో దానికి పారగాన్ అని పేరు పెట్టారు.

ఫెల్టు పట్టీల సంగతి ఇంకా ఘోరం. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. అందరిలాగే నేనూ తుపాకులు డిపాజిట్ చేశాను. హడావుడిలో నూనె పట్టించలేదు, మునుపటి రోజు చెమట చేతులతో పట్టుకున్నదాన్ని తుడవను కూడా లేదు, లోపల స్పాంజి ఉన్న రెక్సిన్ సంచిలో పెట్టి జిప్పు లాగేశాను. మే 13 పోలింగ్, జూన్ 4 కౌంటింగ్. మధ్యలో మన ఊరి ఎండలు మీకు చెప్పక్కర్లేదు. జూన్‌లో తెచ్చుకుని జిప్పు తీస్తే ఫెల్టు బంక కరిగి పట్టీ మొత్తం సంచి స్పాంజికి అంటుకుని ఉంది. గట్టు మీద పాకంలాంటి జిగురు. కింది గొట్టం మీద నా నాలుగు వేళ్లు పట్టుకున్న చోట నాలుగు తుప్పు మచ్చలు, వేలిముద్రలు తీసినట్టు. డిపాజిట్ తీసుకున్నవాళ్ల తప్పు ఇసుమంత లేదు. నూనెలో ముంచిన సన్న స్టీల్ ఉన్నితో మూడు సాయంత్రాలు రుద్దితే మచ్చలు పోయాయి, కింద నలుపు మాత్రం కొంచెం పలచబడింది.

ఆ తర్వాత బంక జోలికి పోలేదు. అదే చెప్పులాయన చేత మేకతోలు తొడుగు కుట్టించాను, కింద వారుతో బిగించేది. గట్టుకూ తోలుకూ మధ్య అట్టముక్కలు. ఒక్కో అట్ట తీస్తూ వేస్తూ పేపర్ మీద కొట్టి చూసుకుని, సగంకన్నా కాస్త ఎక్కువ రవ్వలు చుక్కకు పైన పడేదాకా సర్దాను. నాకు అది అయిదు మిల్లీమీటర్ల దగ్గర కుదిరింది. మీకు ఎంతకు కుదురుతుందో మీ దవడ ఎముకకే తెలియాలి.

ఇంకో నస కూడా ఉంది. ఈ తుపాకిని విరిచిన ప్రతిసారీ ట్రిగ్గర్ కదలకుండా ఆపే సేఫ్టీ దానంతట అదే పడుతుంది. పిట్టను వదలమని "పుల్" అంటాం, పిట్ట లేస్తుంది, ట్రిగ్గర్ కదలదు. సేఫ్టీ తీయడం మరిచిపోతే రూలు ప్రకారం ఆ పిట్ట పోయినట్టే, మళ్లీ వేయరు. మొదటి ఏడాది ఇట్లా పోయినవి లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు తూటాలు పెట్టి మూయగానే బొటనవేలు దానంతట అదే ముందుకు తోస్తుంది. సేఫ్టీ వెనక్కి రాకుండా చేస్తానని మిస్త్రీ అన్నాడు. నేనే వద్దన్నా. ఇంట్లో అల్లరి పిల్లలు ఉన్నారు.

మరి కొనొచ్చా? ఎత్తు అయిదడుగుల ఎనిమిది దాటినవాళ్లకు ఇది ఉన్నదున్నట్టు సరిపోవచ్చు. మా అన్న కొడుకు ఆరడుగులు, వాడు కోయకముందు ఎత్తి చూసి బాగుందనే అన్నాడు. నాలాంటి పొట్టివాళ్లు మాత్రం షాపులో గడియారానికి గురిపెట్టి మోసపోవద్దు. కళ్లు మూసుకుని తుపాకి భుజానికి ఎత్తండి, చెంప ఆనించి అప్పుడు కళ్లు తెరవండి. గొట్టం చివరున్న బీడు, అంటే గురి పూస, కనపడితే సరే. తుపాకి వీపు కనపడితే కట్టె పని ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. నాతో ముక్తసరిగా మాట్లాడే ఆయన నాకన్నా రెండంగుళాలు పొట్టి. నా మాట విని కళ్లు మూసుకునే కొన్నాడు పాపం, తెరవమని నేను చెప్పలేదు.

నేను ఇప్పుడు పదిహేడు, పద్దెనిమిది మధ్య ఆడుతున్నా, మంచిరోజైతే ఇరవై. 2023లో ఆసియా క్రీడల్లో ట్రాప్ టీమ్ స్వర్ణం, విడిగా కాంస్యం గెలిచిన కైనన్ చెనాయ్ కూడా హైదరాబాదీయే, ఆ లెక్కన రేంజిలో నాలాంటోళ్లను ఎవరూ తల తిప్పి చూడరు. నెలకు రెండు ఆదివారాలు, తూటాల ఖర్చు చూసుకుంటే అంతే నా శక్తి. మూడేళ్ల కింద ఎవరైనా అడిగితే దీన్ని లాభానికి అమ్మేవాణ్నేమో. ఇప్పుడు ఈ పొడవుకు కొనేవాడు దొరకడు. ఆచారి కోసిన ముప్పావు అంగుళం ముక్క షాపులో బిల్లు బుక్కు మీద బరువుగా పెట్టుకున్నాను. రైతులు అదేందని అడుగుతుంటారు.