బెర్ముడాలో మూడు రాత్రులు, మా సారు లెక్కలు

హన్మకొండ నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయినవాళ్లంతా నయాగరా చూసొస్తారు. మేమూ పోయినసారే చూశాం. ఈసారి నాలుగు నెలలు మనవరాలితోనే గడిచిపోయాక మా అబ్బాయి "అమ్మా, బాపూ, మీరిద్దరే ఎటన్నా పోయి రండి" అని బెర్ముడాకు టికెట్లు తీశాడు. న్యూయార్క్ నుంచి విమానంలో రెండు గంటలు. అట్లాంటిక్‌లో గాలం కొక్కెంలా వంకర తిరిగి ఉంటుంది ఆ దీవి, మొత్తం కలిపి 21 చదరపు మైళ్లు. చాలామంది అనుకున్నట్టు కరీబియన్‌లో లేదు, అక్కడికి చాలా ఉత్తరాన ఉంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి ప్రవాహం పక్కనుంచి పోతుంది కాబట్టి చలి ముదరదు. మే నెలలో వరంగల్ ఉడికిపోతుంటే నాకు అక్కడ సాయంత్రాలు శాలువా కావాల్సి వచ్చింది.

కాగితాల సంగతి ముందే చెప్పేస్తాను. అది బ్రిటిష్ ఏలుబడిలోనిదే అయినా మనకు వేరే వీసా అక్కర్లేదు. అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండి, దీవి వదిలిన రోజు నుంచి ఇంకా 45 రోజులైనా గడువుంటే చాలు. ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపాలి. తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్ బెర్ముడా ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది, అందుకని కాస్త ముందే చేరుకోవాలి.

ఇక డబ్బులు. వాళ్ల డాలరూ అమెరికా డాలరూ ఒకటే విలువ, రెండూ నడుస్తాయి. కానీ తినేదీ కట్టేదీ దాదాపు అంతా ఓడల్లో రావాలి. వ్యక్తులకు ఆదాయపు పన్ను లేదు, దిగుమతి సుంకం మాత్రం గట్టిగా ఉంది. సూపర్‌మార్కెట్లో టమాటాల డబ్బా చేతిలోకి తీసుకుని, ధర చూసి మెల్లగా మళ్లీ అక్కడే పెట్టాను. పెద్ద హోటళ్ల జోలికి పోకుండా రాజధాని హామిల్టన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. రాత్రికి 260 డాలర్లు, పన్నులు వేరే. హన్మకొండలో మంచి ఇంటికి నెల అద్దె అంతే ఉంటుంది. ఫొటోలో వంటగది అన్నది, తీరా చూస్తే ఒక కెటిల్, ఒక పొయ్యి. మా చిన్న రైస్ కుక్కర్ మాతోనే వచ్చింది కాబట్టి బతికిపోయాం. పచ్చిపులుసు, అన్నం, ఇంట్లో చేసుకుపోయిన సకినాలు... రెండు పూటలు అలా గడిచాయి. గది బాగా లేదని చెప్పను, ఆ ధరకు మాత్రం కాదు. ఇంటి పెద్దావిడ చాలా మంచిది.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో టీ తాగుదామని నేనే పట్టుబట్టాను. పేరు వద్దులెండి. బిల్లులో సర్వీస్ ఛార్జి 17 శాతం ముందే కలిపారు, అది చూసుకోక పైన ఇంకో పది డాలర్లు పెట్టి వచ్చాం. మా సారు, అంటే మా ఆయన, ఆ టీ సంగతి ఇప్పటికీ ఎత్తుతుంటారు.

అక్కడ టూరిస్టులకు మామూలు కార్లు అద్దెకివ్వరు. స్కూటరో, ఇద్దరు పట్టే చిన్న ఎలక్ట్రిక్ బండో తీసుకోవాలి. మేం బస్సు, ఫెర్రీ రెండింటికీ పనికొచ్చే పాస్ కొన్నాం. ఈ ట్రిప్పులో పెట్టిన డబ్బుకు న్యాయం జరిగింది అక్కడే. బస్సులు గులాబీ రంగు. స్టాపులో స్తంభం గులాబీదైతే బస్సు హామిల్టన్‌కు పోతుంది, నీలమైతే హామిల్టన్ నుంచి బయటికి పోతుంది. అది తెలియక మొదటిరోజు నీలం స్తంభం కింద నిలబడి, ఊళ్లోకనుకుని ఎక్కి, చివరి స్టాపు డాక్‌యార్డ్‌లో దిగాం. అక్కడినుంచి ఫెర్రీలో ఇరవై నిమిషాలు తిరిగొచ్చాం, అదే బాగుంది. ఎక్కగానే డ్రైవర్‌కు "గుడ్ మార్నింగ్" చెప్పాలి. చెప్పకపోతే మొహం మాడుస్తారు. హామిల్టన్‌లో ఆఫీసుకు పోయే మగవాళ్లు కోటు, టై, మోకాళ్ల దాకా సాక్సులు, మధ్యలో నిక్కరు. నిజంగానే వేసుకుంటారు!

7 నంబరు బస్సులో హార్స్‌షూ బేకు పోయాం. ఎరుపు రంగు సూక్ష్మజీవుల గుల్లలు పొడై కలవడం వల్ల ఇసుక గులాబీగా ఉంటుంది. దూరంనుంచి మామూలుగానే కనిపించింది. దోసిట్లోకి తీసుకుని తడిపితే తెల్ల రవ్వలో కుంకుమ రాలినట్టుంది. టూరిస్టు షిప్పులొచ్చిన రోజు అక్కడ నిలబడే చోటుండదు. కాలిబాట పట్టి తూర్పుకు నడవండి, జాబ్సన్స్ కోవ్ అని రాళ్ల మధ్య చిన్న మడుగులాంటిది వస్తుంది, ఈత రానివాళ్లకు భయం లేదు. నేను పంజాబీ డ్రెస్సులోనే నడుము లోతు దిగాను. పైసా ఖర్చు లేదు.

మా సారు దిగలేదు. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు చెరువు కట్టల మీద తిరిగిన మనిషి, విమానం దిగిన గంట నుంచీ ఒకటే ప్రశ్న. "ఇక్కడ వాగు లేదు, చెరువు లేదు. మరి నీళ్లేడికెళ్లి వస్తున్నయ్?" జవాబు ఇళ్ల కప్పుల మీదే ఉంది. సున్నపురాయి పలకలు మెట్లు మెట్లుగా పేర్చి తెల్ల రంగు వేస్తారు. వాన ఆ మెట్ల మీద వేగం తగ్గి, అంచున కట్టిన కాలువలోకి చేరి, గొట్టంలోంచి ఇంటి కింది ట్యాంకులో పడుతుంది. ఇల్లు కట్టాలంటే ఈ ఏర్పాటు చట్ట ప్రకారం ఉండాల్సిందే. పెద్దావిడ మూత తీసి కర్ర దించి చూపించింది. తడి మూరెడే ఉంది. ఇంకో వారం వాన రాకపోతే ట్యాంకర్ తెప్పించాలంది. "ఇక్కడా ట్యాంకరేనా!" అని సారు నవ్వారు గానీ ఆ సాయంత్రం నుంచి బకెట్ స్నానమే.

రెండోరోజు సెయింట్ జార్జ్ చూశాం. 1612లో ఇంగ్లిష్‌వాళ్లు కట్టుకున్న ఊరు, 2000 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అక్కడ 1874లో మొదలుపెట్టిన చర్చి ఒకటి కప్పు లేకుండా నిలబడి ఉంది. డబ్బు కటకట, తుపాను, వాళ్లలో వాళ్లకు పడకపోవడం. గోడల మధ్య గడ్డి పెరిగింది. మన ఖిలా వరంగల్‌లో స్వయంభూ గుడి స్తంభాల మధ్య నిలబడ్డట్టే అనిపించింది, కాకపోతే మనది పడగొడితే పోయింది, అది కడుతుండగానే ఆగింది. క్రిస్టల్ కేవ్ టికెట్ ఎక్కువే, అయినా చూడాలి. 55 అడుగుల లోతు నీళ్ల మీద తేలే వంతెన, అడుగున రాయి కూడా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్ల గురించి ఆలోచించుకోండి. తిండిలో చేప శాండ్‌విచ్ ఒక్కటే చెప్తాను. ఎండుద్రాక్ష బ్రెడ్డులో వేయించిన చేప పెడతారు. సారు ఒక్కో ద్రాక్షా ఏరి పక్కన పెట్టి, చేప అయిపోయాక అవీ తినేశారు.

చివరి రోజు పొద్దున మళ్లీ బీచికి పోదామనుకున్నాం. ఐదింటికే వాన. నాకు ఉసూరుమంది. వరండాలో చూస్తే పెద్దావిడ, మా సారు ట్యాంకు మూత పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డారు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు గది దాకా వినిపిస్తోంది. టాక్సీ వచ్చి హారన్ కొట్టినా ఆయన కదల్లేదు, కర్ర ఇంకోసారి దించుతున్నారు.