ఒక్కో సబ్జెక్టూ ముగించుకుంటూ పోవాలా, మార్చి మార్చి చదవాలా? ఏది మేలు?

డిగ్రీ రెండో ఏడాదిలో నాకు 5 పేపర్లు ఉండేవి. స్టాటిస్టిక్స్, ఆర్గానిక్ కెమిస్ట్రీ, చరిత్ర, ఇంగ్లిష్, ప్రోగ్రామింగ్. దేనికీ దేనితోనూ పొంతన లేదు. పరీక్షలకు ముందు 20 రోజులు ఖాళీ దొరికింది. చరిత్ర అంటే నాకు భయం. ముందు దాని సంగతి తేల్చేద్దామని మొదటి 4 రోజులూ అదే పట్టుకున్నాను. సిలబస్ పూర్తయింది, మనసు తేలికపడింది, నోట్సు పక్కన పెట్టేశాను. పరీక్ష ముందురోజు సాయంత్రం మళ్లీ తీస్తే నా చేతిరాతే నాకు పరాయిదిలా కనిపించింది. ఫ్రెంచి విప్లవం పేజీలో, మార్జిన్ పక్కన, పెన్సిల్‌తో ‘అప్పులు - చాలా ముఖ్యం’ అని రాసి కింద రెండు గీతలు గీసి ఉంది. ఎవరి అప్పులు? ఎందుకు ముఖ్యం? ఒక్క ముక్క గుర్తు రాలేదు. బుద్ధిగా కూర్చుని చదివిన చదువే అది.

ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ వల్లే చదివే పద్ధతి మీద నాకు పట్టుదల పెరిగింది. సంబంధం లేని సబ్జెక్టులు నాలుగైదు ఒకేసారి మీద పడినప్పుడు మన ముందు ఉండేవి ముఖ్యంగా మూడు దారులు. ఒకటి నేను చేసినట్టు, ఒక సబ్జెక్టు పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లడం. రెండోది, అన్నింటినీ ప్రతిరోజూ తలో ముప్పావుగంట చదవడం. మూడోది, రోజుకు రెండేసి తీసుకుని, ఒక్కోదానికీ రెండుమూడు గంటలిచ్చి, రెండుమూడు రోజులకోసారి మళ్లీ దాని దగ్గరికి రావడం. నా ఓటు మూడోదానికే. అయితే మొదటి రెండింటిలోనూ మంచి ఉంది, అది ఎక్కడుందో చూడకుండా కొట్టిపారేయడం తప్పు.

మొదటి దారిలో ఉన్న మంచి లోతు. కొత్త కాన్సెప్ట్ అర్థమవ్వాలంటే దానికి ఏకబిగిన కొంత సమయం కావాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో రియాక్షన్ మెకానిజం మొదటిసారి చదువుతున్నవాళ్లు ముప్పావుగంటకు పుస్తకం మూసేస్తే, ఎలక్ట్రాన్లు ఎటు నుంచి ఎటు కదులుతున్నాయో బాణాలు గీయడం వచ్చేసరికే టైమ్ అయిపోతుంది. క్లాసులు సరిగ్గా వినని సబ్జెక్టు, మొదటినుంచీ అర్థంకాని చాప్టరు ఉంటే దానికి ఒకటి రెండు రోజులు పూర్తిగా ఇవ్వడమే సరైన పని. పైగా ‘ఒకటి అయిపోయింది’ అన్న ధైర్యం కూడా చిన్నదేం కాదు.

చిక్కంతా అయిపోయింది అనుకున్నాకే మొదలవుతుంది. హెర్మాన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరసలు తానే కంఠతా పట్టి, తానే ఎంత మరిచిపోతున్నాడో కొలిచి, 1885లో ఆ లెక్కలు ప్రచురించాడు. అదే వరసను మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారికంటే ఎంత శ్రమ తగ్గిందన్నది ఆయన కొలత. 20 నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ కలిసొచ్చింది. ఒక రోజు గడిచేసరికి అది 34 శాతానికి పడింది. 6 రోజులకు 25, నెలకు 21. అర్థమున్న పాఠం ఇంత వేగంగా చెరిగిపోదు, నిజమే. కానీ ఆ పడే తీరు చూడండి. మొదటి రోజే పెద్ద దెబ్బ, ఆ తర్వాత మెల్లగా. నా చరిత్ర నోట్సు 16 రోజులు మూతబడి ఉంది. అందులో మొదటి రెండుమూడు రోజుల్లోనే ఒక్కసారి తెరిచి ఉంటే ఆ అప్పులు ఎవరివో నాకు గుర్తుండేవి.

ఇక రెండో దారి. రోజూ అన్నీ. ఇందులో మరిచిపోయే వ్యవధి ఉండదు, ఏ సబ్జెక్టూ దూరమవదు. మా క్లాసులో బాగా చదివే అమ్మాయి ఒకామె ఇలాగే చదివేది. ఆమె టైమ్‌టేబుల్ గళ్ల కాగితంలా ఉండేది, గంటకో రంగు. నేను కూడా వారం రోజులు ప్రయత్నించాను. స్టాటిస్టిక్స్ దగ్గర ఓడిపోయాను. పెద్ద లెక్క ఒకటి మొదలుపెట్టి, టేబుల్ వేసి, వర్గాలు కట్టి, కూడికలు చేసి, తీరా తేడా ఎక్కడొచ్చిందో వెతుకుతుంటే అలారం మోగేది. మధ్యలో వదిలేసిన ఆ లెక్క ఇంగ్లిష్ పద్యం చదువుతున్నంతసేపూ తలలో తిరుగుతూనే ఉండేది. రోజుకు 5 సార్లు పుస్తకం మార్చడమంటే 5 సార్లు మనసును మళ్లీ కుదుర్చుకోవాలి. అందుకు పట్టే పది పదిహేను నిమిషాలూ టైమ్‌టేబుల్‌లో ఎక్కడా కనిపించవు.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు ఒక మాట చెబుతారు. కలిపి చదివితే బాగా వస్తుందని పరిశోధనల్లో తేలింది కదా అని. తేలిన మాట నిజం. ఎక్కడ తేలిందో చూస్తే మాత్రం సంగతి వేరు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ విద్యార్థుల చేత నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలు చేయించారు. కొందరికి ఒక్కో రకం వరసగా, కొందరికి అన్నీ కలిపి. సాధన చేస్తున్నప్పుడు వరసగా చేసినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పరీక్ష పెడితే కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చాయి, వరసగా చేసినవాళ్లకు 20. మరుసటి ఏడాది నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ చిత్రకారుల శైలులు గుర్తుపట్టడంలోనూ ఇలాంటి ఫలితమే చూపించారు. ఈ రెండింటిలోనూ కలిపినవి ఒకదానితో ఒకటి పొరబడే విషయాలు. కలపడం వల్ల వాటి మధ్య తేడా కంటపడింది. మరి సంబంధమే లేని విషయాలను కలిపితే? 2014లో హానా హౌస్‌మన్, కోర్నెల్ అదే చూశారు. శరీర నిర్మాణ శాస్త్రపు పదాలను, ఇండోనేషియా భాషా పదాలను కలిపి చదివించారు. కలపడం వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు.

ఇదే నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకునేది. చరిత్రను స్టాటిస్టిక్స్‌తో గంటగంటకూ కలిపితే తెలివి పెరగదు. వాటి మధ్య పొరబడటానికి ఏమీ లేదు కాబట్టి తేలే తేడా కూడా లేదు. కలపాల్సింది సబ్జెక్టు లోపల. సబ్జెక్టుకూ సబ్జెక్టుకూ మధ్య కావాల్సింది ఎడం, అంటే కొన్ని రోజులు వదిలి మళ్లీ రావడం.

సబ్జెక్టు లోపల కలపడమంటే ఏమిటో చెబుతాను. స్టాటిస్టిక్స్ పుస్తకంలో బైనామియల్ అనే ఒక రకం సంభావ్యత లెక్కల చాప్టరు చివర 20 లెక్కలుంటాయి. అవన్నీ బైనామియల్ లెక్కలే. తర్వాతి చాప్టరులో ఉన్నవన్నీ పాయిజాన్ అనే ఇంకో రకం లెక్కలే. ఫార్ములాలో అంకెలు వేసుకుంటూ పోతే అన్నీ వస్తాయి, మనకు వచ్చేసిందనుకుంటాం. పరీక్ష పేపర్లో మాత్రం పైన చాప్టరు పేరు ఉండదు. ‘నాణెం 10 సార్లు ఎగరేస్తే 3 సార్లు బొమ్మ పడే సంభావ్యత ఎంత?’ అంటాడు ఒకచోట, ‘గంటకు సగటున 3 ఫోన్‌కాల్స్ వచ్చే ఆఫీసులో ఒక గంటలో ఒక్కటీ రాకుండా ఉండే సంభావ్యత ఎంత?’ అంటాడు ఇంకోచోట. మొదటిదాంట్లో ఎన్ని ప్రయత్నాలో లెక్క ఉంది, అది బైనామియల్. రెండోదాంట్లో సగటు మాత్రమే ఉంది, అది పాయిజాన్. ఈ తేడా పట్టుకోవడమే సగం జవాబు. అది రెండు చాప్టర్ల లెక్కలను చీటీల మీద రాసి, కలిపేసి, ఒక్కో చీటీ తీసి ‘ఇది ఏ రకం?’ అని చెప్పుకుంటే వస్తుంది. లెక్క పూర్తిగా చేయనక్కర్లేదు, రకం చెబితే చాలు. కెమిస్ట్రీలో ఒక అణువులోని ఒక భాగం పోయి దాని చోట ఇంకొకటి చేరే ఎస్‌ఎన్1, ఎస్‌ఎన్2 రియాక్షన్ల సంగతీ అంతే. విడివిడిగా చదివితే రెండూ వచ్చినట్టే ఉంటాయి. పక్కపక్కన పెడితేనే ఎస్‌ఎన్1 వేగం సబ్‌స్ట్రేట్ (మార్పు చెందే అణువు) గాఢత ఒక్కదాని మీదే ఆధారపడుతుందని, ఎస్‌ఎన్2లో న్యూక్లియోఫైల్ (కొత్తగా వచ్చి చేరేది) గాఢత కూడా లెక్కలోకి వస్తుందని మనసులో నాటుకుంటుంది.

ఇప్పుడు మూడో దారి లెక్క. రోజుకు రెండు పెద్ద సిట్టింగ్‌లు అనుకుంటే 20 రోజులకు 40. అయిదు సబ్జెక్టులకు తలా 8. మొదటి దారిలో కూడా సరిగ్గా అంతే: నాలుగు రోజులు, రోజుకు రెండు, మొత్తం 8. అంటే ఒక్క నిమిషం కూడా ఎక్కువ చదవడం లేదు. అవే 8 సిట్టింగ్‌లు వరసగా పెడతామా, రెండుమూడు రోజుల ఎడంతో పరుస్తామా అన్నదొక్కటే తేడా. ఖర్చు లేని లాభం ఇది. తలా 8 అన్నది లెక్క కోసం చెప్పిన మాట, అన్నింటికీ సమానంగా పంచాలని కాదు. ఇంగ్లిష్‌లో ఎలాగూ 80 వచ్చే వాళ్లు దాన్ని 85 చేయడానికి పడే శ్రమలో సగం పెడితే, 40 దగ్గర కొట్టుమిట్టాడుతున్న సబ్జెక్టును 55కు తేవచ్చు. నేనైతే అక్కడ రెండు తీసి ఇక్కడ కలుపుతాను.

ఏది దేనితో జత కట్టాలన్నది కూడా చూసుకోవాలి. స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ ఒకే రోజు పెట్టుకుంటే సాయంత్రానికి బుర్ర మొద్దుబారిపోయేది నాకు. స్టాటిస్టిక్స్‌తో చరిత్ర, ప్రోగ్రామింగ్‌తో ఇంగ్లిష్ కుదిరాయి. ఒకటి చేత్తో చేసేది, ఒకటి చదివి గుర్తుంచుకునేది.

మళ్లీ వచ్చినప్పుడు ఏం చేయాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నోట్సు మళ్లీ చదవడం కాదు. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి, ఆ తర్వాతే నోట్సు తెరిచి వదిలేసినవి చూసుకోవాలి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని 4 విడతలు చదివారు. కొందరు ఒక విడత చదివి, మిగతా 3 విడతలూ చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే చదివినవాళ్లు 40 శాతం చెప్పగలిగారు, రాసినవాళ్లు 61 శాతం. ఈ పద్ధతి చేస్తున్నప్పుడు కష్టంగా ఉంటుంది, ఏమీ రావడం లేదన్న దిగులూ వస్తుంది. ఆ దిగులును నమ్మకండి. ఇందాకటి చిత్రకారుల ప్రయోగంలో కూడా కలిపి చూసినప్పుడే మెరుగ్గా గుర్తుపట్టిన విద్యార్థుల్లో ఎక్కువమంది, వరసగా చూసినప్పుడే బాగా నేర్చుకున్నామని చెప్పారు. సులువుగా సాగిపోవడాన్ని మనం నేర్చుకోవడం అనుకుంటాం.

మూడో దారి అన్నివేళలా గెలవదు. పరీక్ష ఎల్లుండి, సబ్జెక్టు ఇంకా ముట్టుకోలేదు అంటే ఎడం గురించి ఆలోచించే టైమ్ లేదు, మొదటి దారే గతి. ప్రతి పరీక్షకూ ముందురోజు కూడా ఆ ఒక్క సబ్జెక్టే. ఆ రాత్రి నిద్ర మాత్రం తాకట్టు పెట్టకండి. జెంకిన్స్, డాలెన్‌బాక్ 1924లోనే, నేర్చుకున్నాక నిద్రపోతే మెలకువగా ఉన్నప్పటికంటే తక్కువ మరిచిపోతామని చూపించారు. వాళ్లు పరీక్షించింది ఇద్దరు విద్యార్థులనే, కానీ నిద్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం గురించి ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు చాలానే ఉన్నాయి.

మరుసటి ఏడాది నేను మూడో దారిలో వెళ్లాను. మార్జిన్‌లో ‘ముఖ్యం’ అని రాయడం మానేసి, ఆ చోట ప్రశ్న రాయడం మొదలుపెట్టాను. ‘1789 నాటికి ఫ్రాన్స్ రాజు ఎందుకు అప్పుల్లో మునిగాడు?’ అన్నట్టు. మూడోరోజు జవాబు రాయబోతే రెండు వాక్యాలే వచ్చాయి. ఆరోరోజు అర పేజీ వచ్చింది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి చేసిన ఖర్చుతో సహా. తొమ్మిదోరోజు కాగితం తీయగానే చేయి దానంతటదే రాసుకుపోయింది.